గోడౌన్‌లో కుడివైపు పరుగు

"రికార్డు కొట్టేస్తుందాండీ మేడం గారూ?"

కిందటి వానాకాలమంతా నన్ను ఎవరు ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. బ్యాంకులో పాస్‌బుక్ అచ్చు వేయించుకుంటుంటే కౌంటర్లో కూర్చున్నాయన అడిగాడు. చర్చి మెట్లు దిగుతుంటే మా పిన్ని వరసావిడ అడిగింది. సెంటర్లో ఆటో ఎక్కితే ఆటో అతను అద్దంలో నా మొహం చూస్తూ అడిగాడు. సాయంత్రం వాన పడుతుందా అని అడిగినట్టు అడిగేవారందరూ. పోనీ జవాబు వింటారా అంటే అదీ లేదు. నేను మలుపుల సంగతి ఎత్తేసరికి, "ఆయ్, కొట్టేస్తుంది లెండి, మన కోనసీమ పిల్ల కదండీ" అని వాళ్ళే తేల్చేసి వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతూనే ఉంది. చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. చల్లారేలా లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నేను అంబాజీపేట దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామం టీచర్‌ని. ఈ ఉద్యోగంలో సగం కాలం ప్రార్థన దగ్గర వరసలు సరిచేయడానికి, మిగతా సగం లెక్కల మాస్టారు నా పీరియడ్ లాక్కోకుండా కాపాడుకోవడానికి సరిపోతుంది. అలాంటి ఉద్యోగంలో, ఇన్నేళ్ళకి, ఒక్కసారి దొరికింది ఆ పిల్ల. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు బడికి ఆలస్యమై గేటు దగ్గర నుంచి తరగతి గదిదాకా పరుగెత్తుతుంటే చూశాను. వీపు మీద పుస్తకాల సంచీ అసలు ఊగలేదు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

వాళ్ళ నాన్న కొబ్బరికాయలు ఒలుస్తాడు. నేలలో పాతిన ఇనప గునపం మీద కాయని గుచ్చి, అటూ ఇటూ తిప్పి, డొక్క ఊడదీసి పక్కన పడేస్తాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని, ఒకే షావుకారు గోడౌన్‌లో, పెళ్ళికి ముందు నుంచీ. మెత్తని మనిషి. నేను పిల్లని పరుగు నేర్పిస్తానంటే "ఆయ్" అన్నాడు. పొద్దున్నే లేవాలంటే "ఆయ్" అన్నాడు. గుడ్డు పెట్టాలి, పాలు పెట్టాలి అన్నా "ఆయ్" అనే అన్నాడు, పాపం పెట్టాడు కూడా. ఆ పిల్ల మాత్రం తండ్రికి పూర్తిగా వేరు. నోరు జాస్తి. నేను ఇంకో రౌండు అంటే, "మీరు కూడా రండి మేడం గారూ, ఒంటరిగా తోచట్లేదు" అనేది.

ఇంటర్ రెండో ఏడుకి వచ్చేసరికి ఎనిమిది వందల మీటర్లలో రాష్ట్రంలో ఆ వయసు పిల్లలెవరూ దాని దరిదాపుల్లో లేరు. అప్పుడే పొరుగు రాష్ట్రంలో చలికాలం జరిగే ఇండోర్ పోటీకి పిలుపొచ్చింది. ఇండోర్ అంటే ఏమిటో మా దగ్గర ఎవరికీ తెలియదు. షటిల్ ఆడే హాలులాంటిది అనుకున్నారు చాలామంది. పైకప్పు కింద ట్రాక్ వేస్తారని, ఆ ట్రాక్ బయట వేసేదానిలో సగమే ఉంటుందని, అందుకే మలుపులు రెట్టింపు వస్తాయని, మలుపు దగ్గర నేల ఒక పక్కకి ఎత్తుగా లేచి ఉంటుందని నేను చెబితే, "ఆయ్, అలాగాండీ" అని తల ఊపి మళ్ళీ రికార్డు దగ్గరికే వచ్చేవారు.

రికార్డు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లల ఇండోర్ రికార్డు కంటే, మా పిల్ల బయట ట్రాక్ మీద పరుగెత్తిన టైము కొంచెం మెరుగు. కాగితం మీద చూస్తే రికార్డు దానిదే. కానీ ఇండోర్‌లో మలుపు మనిషిని బయటికి విసురుతుంది. ఎడమకి ఒరిగి, ఎడమకాలు పొట్టిగా, కుడికాలు పొడుగ్గా వేస్తూ, వేగం తగ్గకుండా లోపలి గీతని అంటిపెట్టుకుని తిరగడం ఒంటికి అలవాటు కావాలి. ఆలోచించి చేసే పని కాదది. అలవాటైతే పాత రికార్డు బద్దలవుతుంది, కాకపోతే కాదు. అదీ ఆ ఒక్కసారే. జనవరిలో జరిగే ఆ పోటీ దాటితే దానికి వయసు దాటిపోతుంది. ఆ రికార్డుల పుటలో దాని పేరు ఎక్కడానికి ఇక దారి లేదు. నేను బ్యాంకులో, ఆటోలో, చర్చి మెట్ల మీద చెప్పబోయింది ఇదే.

జూలైలో మా స్కూలు గ్రౌండు చెరువైపోయింది. ప్రతి ఏడూ అవుతుంది. మెరక చేయించండి అని నేను ప్రతి ఏడూ అడుగుతాను, ప్రతి ఏడూ "చేయిద్దామండీ" అంటారు, ప్రతి ఏడూ కొంగలు వచ్చి వాలతాయి. కాలువ గట్టు మీద పరుగెత్తిద్దామంటే బురద. తారు రోడ్డు మీద కొబ్బరి లారీలు, వెనకాల బైకుల మీద వచ్చి ఫోన్లలో వీడియో తీసే వెధవలు. ఒకడు దాని పక్కనే బైకు నడుపుతూ "స్పీడెంతండీ" అని అడిగాడట. "నీ బండి కంటే ఎక్కువే, దిగి చూడు" అందట ఇది. దాని ధైర్యానికి నేను సంతోషించాను గానీ, మర్నాటి నుంచి రోడ్డు మాన్పించాను.

అప్పుడు తట్టింది నాకు ఆ గోడౌన్. వాళ్ళ నాన్న పనిచేసే చోటే. పొడవాటి రేకుల షెడ్డు, సిమెంటు నేల. మధ్యలో కొబ్బరికాయల రాశి, చుట్టూ మనుషులు, బళ్ళు తిరగడానికి వెడల్పాటి దారి. మూలల్లో గోనెబస్తాలు పేర్చి గుండ్రం చేస్తే ఇరుకు మలుపులు వస్తాయి. నిజం ఇండోర్ ట్రాక్ కంటే చిన్నదే. అదీ మంచిదే, ఇంత ఇరుకులో తిరగడం వస్తే అక్కడ సుళువవుతుంది. పనివాళ్ళు రాకముందు, పొద్దున్నే, ఒక గంట చాలు. షావుకారు గారిని అడగడానికి వెళ్ళాను.

ఆయన కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు. "అడగాలాండీ? మన పిల్ల. వాళ్ళ నాన్న మన దగ్గర ఎప్పటినుంచి ఉన్నాడు! నిక్షేపంగా పరిగెత్తించుకోండి టీచరమ్మగారూ" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కప్పు కింద పెట్టి లేవబోతుంటే, "ఒక్క మాట" అన్నారు. "రాశి కుడిచేతి పక్కన ఉండేలా తిరగాలి. గుళ్ళో తిరిగినట్టు."

హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పరుగు పందెం ఎడమకేనండీ. ఏ దేశంలోనైనా ఎడమకే తిరుగుతారు" అన్నాను.

"తిరగనివ్వండి. వాళ్ళకి మధ్యలో ఉండేది ఖాళీ గ్రౌండు. ఇక్కడ ఉన్నది లక్ష్మండీ. ఎడమకి తిరిగేది ఎప్పుడు? శవం చుట్టూ తిరిగేటప్పుడు. నా సరుకుని శవం చేస్తారా? మీ వాళ్ళకి ఇవన్నీ పట్టింపు ఉండవు కదా, మీకు తెలీదు లెండి."

మా తాతల నాటినుంచీ మేం క్రైస్తవులం. ఆ "మీ వాళ్ళకి" అన్న మాట వెనక ఏముందో వివరంగా రాయక్కర్లేదు. మా కోనసీమలో ఎవరూ మనిషిని ఊరికే కొట్టరు, మాటకి 'అండీ' తగిలించి కొడతారు. నేను ఇంకొక్క మాటంటే అది పరుగు సంగతి కాకుండా పోతుంది, మతం సంగతి అయిపోతుంది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పక్కన నిలబడ్డ పిల్ల నాన్న వైపు చూశాను. "ఆయ్, అలాగేనండి. కుడికే తిరుగుద్దండి" అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నారని మీరు అడగవచ్చు. ఒప్పుకోకపోతే ఆ పిల్ల అసలు పరుగెత్తడానికే చోటు లేదు. దమ్ము పోతే మలుపు వచ్చి మాత్రం ఏం లాభం? దమ్ము ఇక్కడ నిలుపుకుని, వానలు తగ్గాక గ్రౌండులో ఎడమ మలుపులు చేయిద్దామనుకున్నాను. వానలు తగ్గలేదు. ఒక వాయుగుండం పోయేలోగా ఇంకొకటి వచ్చింది. పిల్ల రోజూ పొద్దున్నే గోడౌన్‌లో కుడికి తిరుగుతూనే ఉంది. "గడియారం ముల్లయిపోయానండీ నేను" అనేది. చూస్తుండగానే దాని ఒంటికి ఆ తిరుగుడు అలవాటైపోవడం నాకు కనిపించేది. మలుపు వస్తుంటే కుడిభుజం దానంతటదే కిందికి దిగేది. ఎంత అందంగా తిరిగేదో! చూసి మురవాల్సిన నేను, పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని.

మా పక్క ఊరి గుడి పూజారి గారి మనవడు నా దగ్గర చదివాడు. ఆ చనువుతో వెళ్ళి ఈ పట్టింపు సంగతి పూజారి గారినే అడిగాను. ఆయన పంచె సర్దుకుంటూ నవ్వేశారు. "దండం పెట్టుకుని తిరిగితే ప్రదక్షిణం అవుతుంది గానీ, ఆటల్లో తిరిగితే ఎలా అవుతుందమ్మా? మా పిల్లలు గుళ్ళోనే దొంగా పోలీసూ ఆడుతూ ఎటుపడితే అటు పరిగెడతారు. ఆయనకి చెప్పండి, నేనన్నానని." అంత తేలిగ్గా తేలిపోయిందే అని పొంగిపోయి ఆ మధ్యాహ్నమే షావుకారు గారికి చెప్పాను. ఆయన నిదానంగా విన్నారు.

"ఆయన గుడి సంగతి ఆయన చూసుకుంటారండీ. నా గోడౌన్ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ రోజు అర్థమైంది. ఇందులో దేవుడు లేడు. ఆచారమూ లేదు. తన షెడ్డులో తను చెప్పినట్టే కాళ్ళు కదలాలి, అంతే. వాళ్ళ నాన్న కాళ్ళు ఎలాగూ కదులుతున్నాయి, ఇప్పుడు కూతురి కాళ్ళు కూడా. పైకి మాత్రం ఆయన ఊరందరికీ చెప్పుకునేవారు, ఆ పిల్లకి తనే చోటిచ్చానని. చోటిచ్చింది నిజమే, కాదనను. అదే కడుపుమంట.

నవంబరులో ఒక ఆదివారం షావుకారు గారు పెళ్ళికని హైదరాబాదు వెళ్ళారు. వాన కురుస్తూనే ఉంది. నేను పిల్లతో, "ఇవాళ ఎడమకి" అన్నాను. అది ఒక్క క్షణం వాళ్ళ నాన్న పనిచేసే గునపం వైపు చూసి, సరేనంది. మొదటి మలుపులోనే తడబడింది. ఎడమపాదం ఎక్కడ వేయాలో తెలియక, అన్నేళ్ళు ఎడమకే పరుగెత్తిన పిల్ల బుడిబుడి అడుగులు వేసింది. రెండో రౌండుకి కొంచెం నయం. మూడో రౌండు సగంలో ఉండగా వాళ్ళ నాన్న ఫోను పట్టుకుని వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "ఆపమ్మా! ఆపు!" అని అరిచాడు. ఆ మనిషి అరవడం నేను వినడం అదే మొదలు.

గోడౌన్‌లో సీసీ కెమెరా ఉంది. కాయలు దొంగలపాలు కాకుండా పెట్టించిన కెమెరా. షావుకారు గారు హైదరాబాదులో పెళ్ళిపందిట్లో కూర్చుని, ఫోనులో, మా పిల్ల ఎటు తిరుగుతోందో చూశారు. అక్షింతలు వేశారో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న చేత రాశి చుట్టూ పసుపు నీళ్ళు చల్లించారు. కుంకుమ దిద్దిన కొబ్బరికాయ కొట్టించారు. అదంతా ఫోనులో చూస్తూ, "ఇంకొంచెం అటు చల్లు, ఆ మూల మిగిలిపోయింది" అని చెప్పేరట. పిల్ల నాకు ఈ సంగతి చెప్పి నవ్వబోయింది. నవ్వు రాలేదు. మర్నాటి నుంచి కుడికి కూడా తిరగను, గోడౌన్‌కే రాను అంది. బతిమాలి తీసుకెళ్ళాను. కుడికే తిరిగింది.

డిసెంబరులో గ్రౌండు ఆరింది. పోటీకి మిగిలిన ఆ కొద్ది రోజులూ ఎడమ మలుపులే చేయించాను. బడి గంట కొట్టేదాకా, మళ్ళీ బడి వదిలాక చీకటి పడేదాకా. నెలల తరబడి ఒంట్లోకి దిగినది ఆ కొద్ది రోజుల్లో పోతుందా? కొంత పోయింది. తాపీగా తిరిగేటప్పుడు బాగానే తిరిగేది. ఊపిరి బిగబట్టి, ఒళ్ళు తెలియకుండా పరుగెత్తే చివరి రౌండులో మాత్రం కుడిభుజం మళ్ళీ కిందికి దిగేది.

రాజమండ్రిలో రైలెక్కి ఇద్దరం వెళ్ళాం. వాళ్ళ నాన్నకి సెలవు దొరకలేదు. ఆ స్టేడియం చూసి పిల్ల నోరు తెరిచింది. "ఇంత షెడ్డు కట్టి కాయల్లేవేంటండీ?" అంది. అక్కడికి వెళ్ళాక కూడా దాని కొంటెతనం తగ్గలేదని నాకు ధైర్యం వచ్చింది.

పందెం మొదట్లో ఎవరి గీత వాళ్ళది. తర్వాత అందరూ లోపలి గీతకి దిగవచ్చు. మా పిల్ల అందరికంటే ముందు దిగింది. రెండు రౌండ్లయ్యేసరికి దాని టైము రికార్డు కంటే ముందుంది. పక్కన నిలబడ్డ వేరే రాష్ట్రం కోచ్ నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మాయేనా?" అని అడిగింది. నా కళ్ళు మలుపు మీదే ఉన్నాయి. మూడో రౌండు మలుపులో మొదలైంది. కుడిభుజం దిగింది. మలుపు ఎడమకి పోతోంది, ఒళ్ళు కుడికి ఒరుగుతోంది. లోపలి గీత వదిలి పక్క గీతలోకి, అక్కడినుంచి ఇంకా బయటికి కొట్టుకుపోయింది. వెనక ఉన్న పిల్ల సందు చూసుకుని లోపలినుంచి దూరింది. తిన్నటి దారి వచ్చేసరికి మా పిల్ల మళ్ళీ అందుకుంది. మళ్ళీ మలుపు, మళ్ళీ బయటికి. ప్రతి మలుపులో పోగొట్టుకోవడం, ప్రతి తిన్నటి దారిలో సంపాదించుకోవడం. అలా పరుగెత్తి కూడా అందరికంటే ముందు వచ్చింది. బోర్డు మీద టైము పడింది. రికార్డుకి వెంట్రుకవాసి ఇవతల ఆగిపోయింది.

మెడలో బంగారు పతకం వేశారు. ఫొటోలు తీశారు. రైల్లో అది కిటికీ దగ్గర కూర్చుని పతకం రిబ్బను వేలికి చుట్టింది, విప్పింది. తర్వాత, "మలుపుల్లో కాళ్ళు నా మాట వినలేదండీ" అంది. "కాళ్ళదే తప్పు." నోరు విప్పితే రైలంతా వినేట్టు అరిచేదాన్ని.

మేం వచ్చేసరికి సెంటర్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో షావుకారు గారి ఫొటో పెద్దది, పిల్ల ఫొటో చిన్నది. గోడౌన్ ముందు షామియానా వేసి సన్మానం పెట్టారు. శాలువాలు, పూతరేకుల పెట్టెలు, ఉపన్యాసాలు. రికార్డు తప్పిపోయిందని ఒకాయన విచారించారు. "వచ్చే ఏడు కొడుతుంది లెండి" అని ఇంకొకాయన ఓదార్చారు. వచ్చే ఏడు లేదని నేను అందరికీ చెప్పాను, ఎవరూ వినలేదని కూడా పైనే రాశాను. చివర షావుకారు గారు మైకు తీసుకున్నారు. మన గోడౌన్‌లో లక్ష్మి చుట్టూ చేసిన ప్రదక్షిణాల పుణ్యమే ఈ పతకం అన్నారు. ఇంకొంచెం పట్టుదలగా పరిగెత్తి ఉంటే రికార్డు కూడా వచ్చేది, పిల్ల చివర్లో కాస్త నీరసపడింది అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత నన్ను పిలిచారు. మైకు పట్టుకుని షావుకారు గారి వైపు తిరిగాను.

"ఈ పిల్ల నీరసపడలేదండీ" అన్నాను. "పట్టుదలకేం తక్కువ లేదు. పందెంలో ఎడమకి తిరగాలి. మీరు వానాకాలమంతా కుడికి తిప్పించారు. ఎడమకి తిరగనిచ్చి ఉంటే రికార్డు ఈ పిల్లదే. దాన్ని పోగొట్టింది దీని కాళ్ళు కాదు, మీరు."

షావుకారు గారి మొహంలో చిరునవ్వు అలాగే ఉంది. "ఆయ్, టీచరమ్మగారు అలిసిపోయేరు, ప్రయాణం కదండీ. మంచినీళ్ళివ్వండి" అన్నారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో నిజంగానే గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఆ గ్లాసు నేల మీద పెట్టి దిగిపోయాను.

షామియానా బయట వాళ్ళ నాన్న ఎదురొచ్చాడు. అంత మెత్తని మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరు అనేసి బండెక్కి వెళ్ళిపోతారండీ" అన్నాడు. "రేప్పొద్దున్న నేను ఆయన ముందే నిలబడి కాయ ఒలవాలండి. నా గురించి ఒక్క ముక్క ఆలోచించేరా మేడం గారూ?" అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. అతని కోపం న్యాయమైనదే, నా కోపమూ న్యాయమైనదే. రెండూ ఎవరికి తగలాలో ఆయనకి తప్ప అందరికీ తగిలాయి.

స్కూటీ తీస్తుంటే పిల్ల వెనకాలే వచ్చింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"మేడం గారూ, లోపల కోపంలో అన్నారా, నిజంగానే అన్నారా? ఎడమకి తిరగనిస్తే కొట్టేదాన్నా?"

చెప్పడానికి బోలెడు మాటలు ఉన్నాయి. బంగారు పతకం వచ్చింది కదా అనవచ్చు. పెద్దవాళ్ళ పోటీలు ఇంకా చాలా ఉన్నాయి అనవచ్చు. ఎవరు చెప్పగలరమ్మా అనవచ్చు. మా ఊళ్ళో ఎవరైనా అదే అంటారు, చాలా మర్యాదగా అంటారు.

"కొట్టేదానివే" అన్నాను.

పోటీలో ఏడవలేదు అది. రైల్లో ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. శాలువా అడ్డం పెట్టుకోలేదు, మొహం తిప్పుకోలేదు, నా ఎదురుగా నిలబడి పళ్ళు బిగించి ఏడ్చింది. ఫొటోకి రమ్మని లోపలినుంచి వాళ్ళ నాన్న రెండుసార్లు పిలిచాడు. వెళ్ళలేదు.